నాదర్‌గుల్ నుంచి సాలార్‌జంగ్ దాకా: పిల్లలకు మ్యూజియం ఎలా చూపించాలి?

మా అక్క కూతురు నాదర్‌గుల్‌లో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఏదైనా మ్యూజియం చూసి రెండు పేజీలు రాసుకు రమ్మని స్కూల్లో చెప్పారు. "ఫోన్‌లో చూసి రాసెయ్యొచ్చు కదా, అంత దూరం ఎందుకు?" అన్నది అక్క. చాలా ఇళ్లల్లో ఇదే మాట. రంజాన్ షాపింగ్‌కు చార్మినార్ ఎన్నిసార్లు పోతామో లెక్క ఉండదు. దానికి దగ్గర్లోనే ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో మాత్రం అడుగు పెట్టం. అందుకే ఆ ఆదివారం నేనే తీసుకెళ్లాను.

ఎలా వెళ్లాలి?

నాదర్‌గుల్ నుంచి ఎల్బీనగర్ దాకా బస్సు గానీ ఆటో గానీ ఎక్కాలి. అక్కడ మియాపూర్ వైపు పోయే మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటాక ఎంజీబీఎస్ స్టేషన్ వస్తుంది. అక్కడి నుంచి ఆటోలో కొద్ది దూరమే. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఈ మ్యూజియానికి శుక్రవారం సెలవు. జుమా అయ్యాక పిల్లల్ని తీసుకెళ్దాం అనుకుంటే గేటు దగ్గరి నుంచే వెనక్కి రావాలి.

ఏం చూడాలి?

గ్యాలరీలు దాదాపు నలభై. అన్నీ ఒక్క రోజులో చూద్దామంటే కాళ్లు నొప్పులే మిగులుతాయి. మేము నాలుగే ఎంచుకున్నాం.

మొదటిది గడియారం. గంట కొట్టే వేళకు ఒక చిన్న గడ్డం మనిషి బయటికొచ్చి గంట మోగించి పోతాడు. జనం ముందే వచ్చి కూర్చుంటారు. మీరూ అంతే చేయాలి.

రెండోది మేలిముసుగు రెబెకా. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. ముసుగు కూడా రాయే, కానీ పల్చని బట్టలా కనిపిస్తుంది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో దీన్ని కొన్నారు.

మూడోది జేడ్ రాతి వస్తువులు. ఢిల్లీ సుల్తాన్ అల్తమష్ పేరున్న రెహల్, జహంగీర్, నూర్‌జహాన్ పేర్లతో ఉన్న చాకు, బాకు అక్కడ ఉన్నాయి.

నాలుగోది ఖురాన్ ప్రతులు. పదమూడో శతాబ్దంలో బాగ్దాద్‌లో పేరు పొందిన ఖుష్‌నవీస్ యాఖూత్ రాసినదిగా చెప్పే ప్రతి వీటిలో ఉంది. నసఖ్ లిపిలో ఉన్న ఒక పాత పేజీ ముందు మా పాప ఆగిపోయింది. వేలితో గాలిలో గీస్తూ మెల్లగా చదివింది. "మామూ, ఇది నాకొచ్చు!" అన్నది. మదర్సాలో నేర్చుకున్న చదువు అక్కడ పనికొస్తుందని తను అనుకోలేదు.

ఇవన్నీ ఎవరివి?

బయటికొచ్చాక అడిగింది: "ఇవన్నీ ఒక్కరివేనా? మరి మనకెందుకు చూపిస్తున్నారు?" మంచి ప్రశ్న. ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించినవే. తాత, తండ్రి కొన్నవీ ఉన్నాయి. ఆయన 1912 నుంచి 1914 వరకు ఏడో నిజాం దగ్గర దివాన్‌గా చేశారు. పెళ్లి చేసుకోలేదు. 1949లో చనిపోయారు. ఆస్తికి నేరుగా వారసుడు లేనప్పుడు ఏమవుతుందో మనకు తెలుసు. పంపకాలు, అమ్మకాలు, ముక్కలు. ఇక్కడ అలా జరగలేదు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1958లో హైకోర్టు డిక్రీ ప్రకారం, రాజీ పత్రం ద్వారా కుటుంబ వారసులు ఈ సంపదను ప్రభుత్వానికి ఇచ్చేశారు. 1961లో పార్లమెంటు చట్టంతో ఇది జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. ఒక నవాబు ఇంటి సొత్తు మీద ఇప్పుడు నాదర్‌గుల్ పిల్లకు కూడా హక్కుందన్న మాట.

ఇంకోసారి వెళ్తే

పురానీ హవేలీలో నిజాం మ్యూజియం ఉంది. ఆరో నిజాం వాడిన పొడవాటి బట్టల అల్మారా, ఏడో నిజాం సిల్వర్ జూబ్లీకి వచ్చిన కానుకలు అక్కడ చూడొచ్చు. ఇదే మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్. అక్కడి స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది.

పిల్లలతో వెళ్లేటప్పుడు నోట్‌బుక్, పెన్సిల్ ఇవ్వండి. ఒక్కో వస్తువుకు మూడే ప్రశ్నలు: దేనితో చేశారు? ఎవరు చేయించారు? ఇక్కడికి ఎలా వచ్చింది? ఉర్దూ చదవగలిగే నానమ్మో, తాతయ్యో ఉంటే వాళ్లనూ తీసుకెళ్లండి. పిల్లలకు వాళ్లే మంచి గైడ్. టికెట్ ధర, టైమింగ్స్ మారుతుంటాయి, ముందే చూసుకోండి.

మా పాప మొదటి పేజీ గడియారం గురించి, రెండో పేజీ రాజీ పత్రం గురించి రాసింది. అక్క చదివి, "ఆదివారం తెరిచే ఉంటుందా?" అని అడిగింది.