కారుకి కోపమొస్తే...!

సినిమాలో ఘాట్ రోడ్డు మీద కారు బానెట్లోంచి పొగలొచ్చాయంటే తర్వాతి సీను మనకి తెలిసిందే! హీరోయిన్ దిగుతుంది, హీరో నీళ్ల డబ్బాతో ప్రత్యక్షమవుతాడు, ఇంకేం... పాట! కానీ విశాఖ నుంచి అరకు వెళ్తూంటే నిజంగా అలా జరిగిందనుకోండి, తొందరపడితే ఆ నీళ్ల డబ్బాయే విలన్.

శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలు. ఎత్తు ఎక్కాలంటే ఇంజన్‌కి శ్రమ ఎక్కువ. వేగం తక్కువ కనుక రేడియేటర్‌కి తగిలే గాలీ తక్కువే. టెంపరేచర్ ముల్లు పైకి పాకుతుంటే ఏసీ ఆపేసి, హీటర్ పూర్తిగా తిప్పండి. చెమటలు పడితే పట్టనివ్వండి, ఇంజన్ వేడి కొంత మీరు పంచుకున్నట్టే! అయినా ముల్లు దిగకపోతే మలుపు లేని చోట పక్కకి తీసి ఇంజన్ ఆపండి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల వెనక రాళ్లు పెట్టండి.

ఇక అసలు క్లైమాక్స్! రేడియేటర్ మూత ముట్టుకోకండి. అది ప్రెషర్ కుక్కర్ లాంటిది. ఒత్తిడి వల్ల లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీశారో, ఒక్కసారిగా ఆవిరై మొహం మీదకి ఎగజిమ్ముతాయి! కనీసం అరగంట ఆగండి. బాగా చల్లారాక గుడ్డ వేసి, మూత కొద్దికొద్దిగా తిప్పి, నీళ్లు నెమ్మదిగా పోయండి. కాలుతున్న ఇంజన్లో చన్నీళ్లు పోస్తే సిలిండర్ హెడ్ పగలొచ్చు. పోసింది పోసినట్టే కారిపోతుంటే కారు కదపకండి, మెకానిక్‌ని పిలవండి.

బయల్దేరేముందే కూలెంటు, ఫ్యాను, గొట్టాలు చూపించుకుంటే ఇంత కథే ఉండదు. పాట మాత్రం దారి పొడుగునా పాడుకోవచ్చు!