ఏ.సి. విద్యుత్తు: వోల్టుమీటరు చూపు అంకెకు అర్థము

గత వేసవిలో మన సభ్యులలో నొకరు తమ నూతి మోటారునకు క్రొత్త కెపాసిటరు వేయించిరి. దానిపై 300 వోల్టులు డి.సి. అని యుండెను. "మనకు వచ్చునది 230 యే గదా, 300 చాలును" అని తలచిరి. రెండు దినములలో నది యుబ్బి పగిలెను. కూరగాయల మడులు నాలుగు దినములు నీరులేక వాడిపోయెను. వారి లెక్క తప్పని నాకును మొదట తోచలేదు.

బ్యాటరీ నుండి వచ్చు డి.సి. ఎల్లప్పుడు నొకే బలముతో నొకే దిక్కునకు పారును. ఏ.సి. యట్లు గాదు. ఉయ్యాల వేగమును చూడుడు: చివర సున్న, నడుమ మిక్కిలి హెచ్చు, మరల సున్న, పిదప వెనుకకు. ఏ.సి. వోల్టేజియు నిట్లే సున్న నుండి శిఖరమునకు పోయి, దిగి, రెండవ దిక్కున నంతే యెత్తునకు పోయి వచ్చును. మన దేశమున సెకనునకు 50 మారు లీ చుట్టు పూర్తియగును. దీనిని గీసినచో సైను తరంగ మగును.

మరి క్షణక్షణము మారుదానికి 230 అని యొక్క అంకె యెట్లు పెట్టిరి? వేడిని బట్టి పెట్టిరి. 230 వోల్టుల డి.సి. ఒక హీటరులో నెంత వేడి పుట్టించునో అంతే వేడి పుట్టించు ఏ.సి.ని 230 అందురు. వేడి వోల్టేజి వర్గమును బట్టి యుండును గనుక, అన్ని క్షణముల విలువలను వర్గించి, సగటు తీసి, వర్గమూలము కట్టుదురు. ఇదే ఆర్.ఎం.ఎస్. విలువ. సైను తరంగమున కది శిఖరములో 0.707 వంతు. కావున 230 అని మీటరు చూపినపుడు శిఖరము 325 వోల్టులు! 300 వోల్టుల కెపాసిటరు సెకనునకు నూరు మారులు తన హద్దు దాటెను. అదియు గాక, మోటారు తిరుగునపుడు కెపాసిటరుపై వోల్టేజి సరఫరా కన్న హెచ్చగును. అందుచేతనే నీటి మోటార్ల కెపాసిటర్లపై 440 వోల్టులు ఏ.సి. అని సాధారణముగా నుండును.

చౌక మీటర్లు సగటును కొలిచి 1.11 చే గుణించి చూపును. సైను తరంగమున కది సరియే. కొన్ని ఇన్వర్టర్ల తరంగమునకు తప్పు చూపును.

మూడు ఫేజుల మోటారుపై నుండు 415 రెండు ఫేజుల నడిమి విలువ. ఒక ఫేజునకు న్యూట్రలునకు నడుమ దానిని 1.732 చే భాగింపగా వచ్చు 240 యుండును. మోటారు నడచుచుండగానే మీటరు చూడవలెను. ఆపి చూచిన హెచ్చుగానే కనబడును. 415 నకు బదులు 373 ఉన్నచో తిప్పుబలము నూటికి 81 వంతులకు దిగును, కరెంటు పెరిగి వైండింగు కాలవచ్చును. పెట్టె తెరచి కొలుచుట మాత్రము పని తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే చేయింపవలెను.