కుకీల మీద ముగ్గులేద్దాం.. రారండి!

న్యూజెర్సీ, షికాగోల్లో డిసెంబరు వచ్చిందంటే సాయంత్రం ఐదయ్యేసరికి చీకటి పడిపోతుంది. బయట ఎముకలు కొరికే చలి. పిల్లలకేమో స్కూలు సెలవులు. ఇండియా వెళ్దామంటే టిక్కెట్ల ధరలు ఓ పక్క, వీసా స్టాంపింగ్ బెంగ ఇంకో పక్క. ఏళ్ల తరబడి 'హాయ్' దగ్గరే ఆగిపోయిన పక్కింటి పరిచయాన్ని గడప దాటించడానికి ఇదే మంచి సమయం. అందుకు అమెరికన్లు ఎంచుకునే దారి.. కుకీ డెకరేటింగ్ పార్టీ.

నక్షత్రం, గంట, క్రిస్మస్ చెట్టు ఆకారాల్లో కుకీలు కాల్చి ఉంచుతారు. పిల్లలు వచ్చి వాటిపై రంగురంగుల ఐసింగ్‌తో బొమ్మలు వేస్తారు. సంక్రాంతికి ఇరుగుపొరుగు చేరి అరిసెలు వండుకున్నట్టే అనుకోండి. 'హాలిడే పార్టీ' అని పిలిస్తే హనూకా చేసుకునే యూదు కుటుంబమైనా, మనమైనా మొహమాటం లేకుండా కలవొచ్చు.

పిలిచేటప్పుడే అడగాలి

ఇన్విటేషన్‌లో మొదలయ్యే టైముతో పాటు ముగిసే టైమూ రాయండి. రెండింటికి అంటే రెండింటికే బెల్లు మోగుతుంది. మనవాళ్ల లెక్కన మూడింటికి వస్తార్లే అనుకుంటే కంగారు పడాల్సిందే! మొదటిసారికి ఆరేడుగురు పిల్లలు చాలు.

అన్నిటికన్నా ముఖ్యం 'మీ పిల్లలకు ఏదైనా అలర్జీ ఉందా?' అన్న ప్రశ్న. పల్లీలు, జీడిపప్పు, బాదం, పాలు, గుడ్లు, గోధుమలు వంటివి ప్యాకెట్ మీద తప్పనిసరిగా చెప్పాలన్నది అమెరికా చట్టం. 2023 జనవరి 1 నుంచి నువ్వులూ ఆ జాబితాలో చేరాయి. ఇవన్నీ మన వంటింట్లో రోజూ ఉండేవే. పల్లీల పొడి కొట్టిన మిక్సీలోనే చక్కెర పొడి చేస్తే, కంటికి కనిపించని ఆ కాస్త పొడీ కొందరు పిల్లల ప్రాణం మీదకు తెస్తుంది. చక్కెర పొడి ప్యాకెట్టే కొనండి. వాడిన ప్యాకెట్లన్నీ దాచి, తల్లిదండ్రులు అడిగితే చూపించండి. పాలు, గోధుమలు పడని పిల్లలుంటే వాళ్ల కుకీలు, ఐసింగ్ ఇంటి నుంచే తెచ్చుకోమనండి. వాళ్లకు వేరే ప్లేటు, వేరే స్పూన్లు పెట్టండి.

'ఇంకొక్కటి తిను నాన్నా' అంటూ కొసరి పెట్టడం మన మర్యాద. ఇక్కడ మాత్రం అమ్మానాన్నల్ని అడక్కుండా ఏ పిల్లాడి చేతిలోనూ ఏదీ పెట్టకండి. అలర్జీ ఉన్న పిల్లల పెద్దవాళ్లను ఉండమని, ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ దగ్గర పెట్టుకోమని చెప్పండి. తిన్నాక పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం వద్దు. ఇంజెక్షన్ ఇచ్చి 911కు ఫోన్ చేయాలి.

శాకాహారులూ.. లేబుల్ చూడండి

రాయల్ ఐసింగ్‌లో గుడ్డు తెల్లసొన ఉంటుంది. మెరింగ్ పౌడర్ కూడా గుడ్డుతో చేసిందే. మార్ష్‌మాలోల్లో మామూలుగా వాడే జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. ఎర్ర రంగుకు వాడే కార్మైన్ పురుగుల నుంచి తీసింది. చల్లుకునే రంగు పలుకుల మీద మెరుపు కోసం వేసే 'కన్ఫెక్షనర్స్ గ్లేజ్' అంటే మన లక్కే!

గుడ్డు లేని కుకీలకు రెండు కప్పుల మైదా, ఒక కప్పు వెన్న (రెండు స్టిక్కులు), అర కప్పు చక్కెర పొడి, చెంచాడు వెనిలా, చిటికెడు ఉప్పు చాలు. నానఖటాయి తిన్నవాళ్లకు రుచి కొత్తేం కాదు. మెత్తబడిన వెన్నలో చక్కెర గిలకొట్టి, మైదా కలిపి ఫ్రిజ్‌లో గంటసేపు ఉంచాలి. పావు అంగుళం మందాన వత్తి, అచ్చులతో కోసి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 10 నుంచి 12 నిమిషాలు కాల్చాలి. గుడ్డు లేదు కదా అని పచ్చి పిండిని రుచి చూడనివ్వకండి. పచ్చి మైదాలోనూ ఈకొలై క్రిములు ఉండొచ్చు. ఈ పనంతా ముందురోజే చేసేసుకుంటే మంచిది. కుకీలు పూర్తిగా చల్లారకపోతే ఐసింగ్ కరిగి జారిపోతుంది.

ముగ్గు వచ్చిన చేయి

కప్పు చక్కెర పొడిలో చెంచా చెంచాగా పాలు పోస్తూ చిక్కగా కలిపితే ఐసింగ్ తయారు. జిప్‌లాక్ కవర్లో నింపి మూల కొంచెం కత్తిరిస్తే గోరింటాకు కోన్‌లా పనిచేస్తుంది. ముందు అంచు గీసి, తర్వాత మధ్యలో పల్చటి ఐసింగ్ నింపాలి. ముగ్గు వేసి రంగులద్దినట్టే! అమ్మమ్మలు ఊరి నుంచి వచ్చి ఉంటే ఈ పని వాళ్లకే అప్పగించండి. భాష రాకపోయినా పిల్లలంతా వాళ్ల చుట్టూనే మూగుతారు.

ఐసింగ్ ఆరడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే కుకీలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా వెడల్పాటి డబ్బాల్లో సర్ది ఇంటికి పంపండి.

ఈ పార్టీకి పిల్లలున్న ఇళ్లే కావాలని లేదు. హెచ్-4 వీసా మీద వచ్చి రోజంతా ఒంటరిగా గడిపే చెల్లెలు, సెలవులకు ఇంటికి వెళ్లలేకపోయిన స్టూడెంట్లు మీ అపార్ట్‌మెంట్లోనే ఉంటారు. వాళ్లనూ పిలవండి. జనవరిలో భోగిపళ్లకు, బొమ్మల కొలువుకు మళ్లీ రమ్మనడానికి అప్పుడు కొత్తగా పరిచయం చేసుకోనక్కర్లేదు.