తెలుగు పేరున్న ఫైలు ఎందుకు తెరుచుకోలేదు?

కిందటి వారం జహనుమాలోని మన హాస్టల్ కంప్యూటర్లో ఒక వింత జరిగింది. స్కాలర్‌షిప్పు పేర్ల పట్టికకు వార్డెన్ సారు "జహనుమా హైదరాబాద్" అని తెలుగులోనే పేరు పెట్టారు. పేర్లు సరిచూడ్డానికి నేను పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. ఫైలు కళ్లెదుటే ఉంది. పైథానేమో అలాంటి ఫైలే లేదంటుంది! పట్టిక మర్నాటికల్లా పంపాలి. "ఇంగ్లీషులో పేరు మార్చేస్తే పోలా" అన్నారు తోటివాళ్లు. నాకు మనసొప్పలేదు.

అసలు సంగతేమిటంటే, కంప్యూటరు అక్షరం ఆకారాన్ని చూడదు, దాని నంబరు చూస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా నంబర్లు కేటాయించారు. "జ" 3100, "హ" 3129. మన లెక్కకు జహనుమా నాలుగక్షరాలే. కానీ కొమ్ముకూ దీర్ఘానికీ వేరే నంబర్లు కాబట్టి కంప్యూటరుకు ఆరు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడేసి బైట్లు, వెరసి 18.

పాత పైథాన్ 2తో విండోస్‌లో ఇంకా కష్టంగా ఉండేది. తెలుగుకు విండోస్‌లో పాత కోడ్‌పేజీ లేనందున అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులైపోయేవి. ప్రశ్న గుర్తేమో అక్కడ ఫైలు పేరులో ఉండనే కూడదు! 2003లో వచ్చిన 2.3 నుంచి, కొటేషన్ ముందు "యూ" అక్షరం పెడితే తెరుచుకునేది. 2008లో పైథాన్ 3 వచ్చాక అదీ అక్కర్లేదు. ఓపెన్‌లో మనం ఇచ్చే "ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8" మాత్రం లోపలి రాతకే, పేరుకు దాంతో పనిలేదు. నేనూ మొదట అక్కడే పొరపడి గంటసేపు వృథా చేశాను.

మరి మన ఫైలు? ఫోల్డర్లోని పేర్లన్నీ లిస్ట్‌డిర్‌తో తెప్పించి, ఆ పేరు పొడవు కొలిచాను. చివరి టీఎక్స్‌టీ వదిలేస్తే 16 రావాలి, 17 వచ్చింది. "ద్" తర్వాత కంటికి కనబడని 8204 నంబరు గుర్తొకటి కూర్చుంది. పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని. టైపు చేసేటప్పుడు తెలియకుండా పడిపోతుంది. (చేత్తో రాసే ఈ గోడపత్రికలో దాన్ని రాసి చూపించడానికే లేదు!) నేను టైపు చేసిన పేరులో అది లేదు. లిస్ట్‌డిర్ ఇచ్చిన పేరునే ఓపెన్‌కు అందించాను, తెరుచుకుంది. పట్టికా సమయానికి వెళ్లింది.

"హై"లోని ఐత్వంతో ఇంకో చిక్కు. అది 3144 అనే ఒకే నంబరుగా ఉండొచ్చు, 3142, 3158 అని రెండు ముక్కలుగానూ ఉండొచ్చు. పాత మ్యాక్ డిస్కులు ముక్కలుగానే దాచేవి. నార్మలైజ్ చేస్తే ఇవి ఒకటవుతాయి గానీ, 8204 పోదు, దాన్ని విడిగా తీసేయాలి.

మన ఆదిలాబాద్ మిత్రులు గోండి లిపి సంగతి అడిగారు. గుంజాల గోండి 2018లో యూనికోడ్‌లో చేరింది. యూటీఎఫ్-8లో దాని అక్షరానికి నాలుగు బైట్లు. ఫాంటు లేకపోతే పేరు డబ్బాలుగా కనిపిస్తుంది, అయినా నంబర్లు సరిగా ఉంటే ఫైలు తెరుచుకుంటుంది.