నింద బ్యాటరీది, దోషం వేరొకరిది

రాజధాని వీధులను అంబాసిడర్లు ఏలిన రోజులలో, డిసెంబరు పొగమంచు దిగగానే తెల్లవారుజామున కార్లు మొరాయించడం పరిపాటిగా ఉండేది. తాళంచెవి తిప్పితే ఇంజను నీరసంగా మూలిగి ఊరుకొనేది. యజమాని తక్షణమే బ్యాటరీని నిందించి కొత్తది కొనేవాడు. పక్షం గడవకమునుపే అదీ చతికిలపడేది. రోగమొకటి, మందొకటి అన్నమాట.

చలికి బ్యాటరీ శక్తి సన్నగిల్లుననుట నిజమే. అయినా బ్యాటరీ విద్యుత్తును దాచుకొనే పాత్ర మాత్రమే. దానిని నింపవలసినది తొలి అంబాసిడర్లలో డైనమో, తరువాతి వాటిలో ఆల్టర్నేటర్. డైనమోకు ఒక స్వభావమున్నది. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు అది బ్యాటరీకి ఏమీ ఇవ్వదు. ఐటిఓ కూడలిలో ఎర్రదీపం ముందు హెడ్‌లైట్లు వేసుకొని నిలిచిన కారు, ఆ దీపాలకే సుమారు ఏడు ఆంపియర్లు బ్యాటరీ నుంచి తోడుకొంటుంది. ఖర్చే గాని జమ లేదు. ఆల్టర్నేటర్ ఈ లోపాన్ని చాలావరకు తీర్చింది.

కశ్మీరీ గేట్ విడిభాగాల బజారులో ఒక వృద్ధ మెకానిక్ పనితీరును నేను ఆసక్తితో గమనించేవాడిని. ఆయన ముందుగా ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కేవారు. అరంగుళానికి మించి లోపలికి పోతే బెల్టు వదులైనట్లే. తరువాత బ్యాటరీ కొనలపై పట్టిన తెల్లని చిలుమును, ఇంజనును బాడీతో కలిపే ఎర్త్ తీగను పరీక్షించేవారు. పైసా ఖర్చులేని ఈ రెండు పనులతోనే అనేక కార్లు బాగుపడేవి.

అటుపైన వోల్టు మీటరు. విశ్రాంతిగా ఉన్న మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజను ఒక మోస్తరు వేగంతో తిరుగుతున్నప్పుడు అది 14 ప్రాంతానికి చేరాలి. ఏమాత్రం పెరగకపోతే చార్జింగు లేదని అర్థం. 15 దాటితే రెగ్యులేటర్ చెడి బ్యాటరీలోని ద్రవాన్ని ఉడికిస్తున్నదని అర్థం. చార్జింగు లేనప్పుడు డైనమో తీగలు రెండూ విప్పి, దాని రెండు కొనలను కలిపి, ఇంజను వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ కొలవాలి. 20 వోల్టులు దాటనీయరాదు. ముల్లు నిలకడగా పైకి లేస్తే డైనమో నిర్దోషి, తప్పు కటౌట్ పెట్టెలోనో తీగలలోనో ఉన్నది. లేవకపోతే అరిగిన బొగ్గు బ్రష్షులనో, మసిబారిన కమ్యుటేటర్‌నో చూడాలి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి, కారు ఆగుతుందో లేదో చూసే పాత అలవాటు ఒకటి ఉన్నది. ఆల్టర్నేటర్ ఉన్న కారులో ఇది వినాశకరం. వోల్టేజి ఒక్కసారిగా ఎగసి లోపలి డయోడ్లు మాడిపోగలవు.

ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో నిలిచిపోయింది. పదేండ్లు దాటిన డీజిలు, పదిహేనేండ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగరాదని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నిరభ్యంతర పత్రాలతో ఎన్నో పాత బండ్లు ఇక్కడి నుంచి ఇతర రాష్ట్రాలకు తరలిపోయాయి. బండ్లతోపాటు వాటి తెగుళ్లూ వెళ్లాయి; వాటిని కనిపెట్టే విద్య వెంట వెళ్లిందని చెప్పలేను. పాత కారును పోషించే పాఠకులు కొత్త బ్యాటరీకి డబ్బు చెల్లించే ముందు వోల్టు మీటరు సాక్ష్యం వినడం శ్రేయస్కరం. విచారణ లేకుండా శిక్ష వేయడం బ్యాటరీ విషయంలోనూ న్యాయం కాదు.