నాటకానికి 303 తుపాకి

మన కాలనీల్లో అల్లూరి సీతారామరాజు నాటకం కట్టేటప్పుడు ముందు వచ్చే తిప్పలు తుపాకులవి. రాజు వేషానికి కాషాయం గుడ్డ, విల్లు, బాణాలు సులభంగా దొరుకుతాయి. ఎదురుగా నిలబడే సర్కారు సిపాయి చేతికి మాత్రం జాతరలో కొన్న ప్లాస్టిక్ తుపాకి ఇస్తారు. దాన్ని చూసి ముందు వరసలో పిల్లోళ్ళు నవ్వుతారు. సిపాయిని చూసి నవ్వొస్తే, వాని ముందు విల్లు పట్టి నిలబడిన మన్యం మనిషి ధైర్యం ఎట్ల తెలుస్తుందప్పా? సహజంగా నటించిన బళ్ళారి రాఘవ గారి ఊరు ఇది. అందుకే అచ్చం నిజందాని మాదిరి ఒకటి చెక్కతో చేసినాము.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి రాజు దళం 26 తుపాకులు తీసుకపోయింది. 1924లో అస్సాం రైఫిల్స్ పటాలం మన్యానికి దిగింది. ఆ కాలం బ్రిటిష్ పటాలాల తుపాకి లీ-ఎన్‌ఫీల్డ్. గొట్టం రంధ్రం అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే 303 భాగాలు, అందుకే జనం నోట్లో 303 అయింది. బెంగాల్లో ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీలో కూడా తయారైంది. స్వతంత్రం వచ్చినాక కూడా శానా ఏండ్లు మన పోలీసుల భుజాన ఉండె.

దీని పొడవు 44న్నర అంగుళాలు, బరువు సుమారు 4 కిలోలు. ఒక పక్కనుంచి తీసిన ఫొటోను జెరాక్స్ షాపులో పెద్దది చేయించి, కాగితాలు అతికించి, సరిగ్గా 44న్నర అంగుళాలకు తెచ్చినాము. ఇంక ప్రతి కొలత ఆ కాగితం మీదనే దొరికింది.

చాలామంది ఒకే పలకను కోసి తుపాకి అంటారు. 303 అట్ల కాదు. మడమ చెక్క వేరే, ముందరి చెక్క వేరే, నడుమ ఇనుప ఒళ్ళు. మేమూ రెండు ముక్కలే చేసినాము, పాత తలుపు చట్రం టేకుతో. నడుమ భాగం కూడా టేకే, నల్ల రంగు పూసినాము. ముందరి చెక్క గొట్టం చివరిదాకా పోతుంది, మూతి మొండిగా ఉంటుంది. గురి చూసే ముల్లుకు అటూ ఇటూ రెండు చెవులుంటాయి. బోల్టు పిడి కుడి పక్క కిందికి వంగుతుంది. ట్రిగ్గరు ముందర పదిగుండ్ల పెట్టె కొంచెం బయటికి కనపడాల. చెక్కలకు రంగు వద్దు, అవిసె నూనె రెండు మూడు సార్లు రుద్దితే చాలు.

చెక్కది రెండు కిలోలే తూగింది. మడమ తొలిచి ఇనుప ముక్కలు పెట్టి నాలుగుకు తెచ్చినాము. బరువుంటే వేషగానికి నటన నేర్పే పని లేదు, భుజమే వంగుతుంది.

ఒక్క దగ్గర మాత్రం నిజందాన్ని పోలకూడదు. గొట్టానికి పైపు వాడొద్దు, గట్టి కొయ్యే ఉండాల. మూతి దగ్గర నల్ల చుక్క పెడితే చాలు, తొలిచేది వద్దు. 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా నకిలీ తుపాకిని పేలే తుపాకిగా మార్చేది నేరం. చప్పుడుకు మందు గిందు ఏమీ వద్దు. తెర ఎనక ఒక పలకను కాలితో తొక్కిపట్టి, రెండో కొస ఎత్తి నేలకు ఇడిస్తే ఢామ్మంటుంది.

నాటకానికి ముందే స్టేషన్లో చెప్పిరండి. తుపాకిని గోనెసంచిలో చుట్టి తీసుకపోండి, వీధిలో పట్టుకొని తిరగొద్దు. దూరం నుంచి చూసేవానికి అది చెక్క అని తెలీదు. నాటకం అయిపోతానే లెక్కబెట్టి పెట్టెలో పెట్టి తాళం వేయాల. పిల్లోళ్ళు అడిగితే దగ్గర కూర్చోబెట్టి చూపించండి, ఇట్లాంటి దాని ముందర విల్లుతో నిలబడినారని చెప్పండి.