చిన్న ట్రాక్టరుకు బీమా: ఎంతవరకు కట్టాలి?

దేవరకొండ: బత్తాయి చెట్ల వరుసల మధ్య పెద్ద ట్రాక్టరు పట్టదు. కొమ్మ విరుగుతుంది, కాయ రాలుతుంది. అందుకని మన జిల్లాలో తోటలున్న రైతులు ఇరవై, ఇరవై నాలుగు హెచ్‌పి చిన్న ట్రాక్టర్ల వైపు చూస్తున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జిఎస్‌టి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడం కూడా వారికి కలిసివచ్చింది. అయితే బండి ఎంపికకు ఆరు నెలలు తిరిగే రైతు, బీమా కాగితం మీద సంతకం మాత్రం ఆరు నిమిషాల్లో పెట్టేస్తున్నాడు. ఏ బీమా, ఎంత బీమా అన్నది చాలామందికి ప్రమాదం జరిగిన తరువాత గాని తెలియడం లేదు.

ఇటీవల ఒక షోరూములో ఈ విలేఖరికి తెలిసిన రైతు ఒకాయన, పెద్ద కొడుకును, బావమరిదిని వెంటబెట్టుకొని వచ్చి ఈ విషయమై తర్జనభర్జన పడుతూ కనిపించారు. ఆయనకు నాలుగెకరాల బత్తాయి, మూడెకరాల పత్తి చెల్క ఉన్నాయి. పత్తి అమ్మిన డబ్బుకు చుట్టాల వద్ద తెచ్చిన చేబదులు కలిపి రొక్కంతోనే బండి కొంటున్నారు. బ్యాంకు అప్పు ఉంటే పూర్తి బీమా కట్టి తీరాలని బ్యాంకువారే పట్టుబడతారు. రొక్కం పెట్టిన వారిని అడిగేవారు లేరు. బండి ధర 5 లక్షల 80 వేలు. ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే కట్టే బీమా ఒక కాగితం మీద, బండికి కూడా కలిపి కట్టే పూర్తి బీమా మరొక కాగితం మీద రాసి ఇచ్చారు. రెండింటికీ తేడా సుమారు 6 వేల రూపాయలు.

“బండి తోటలనే తిరుగుతది. రోడ్డు ఎక్కేదే తక్కువ. ఆరు వేలంటే ఇరవై రెండు బస్తాల యూరియా” అన్నారాయన. లెక్క తప్పు కాదు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసల చొప్పున అంతే వస్తుంది. “మాకు రైతుబీమా ఉండనే ఉంది గద సారూ” అని బావమరిది అందుకున్నాడు.

ఈ పొరపాటు మన ఊళ్లలో చాలామందికి ఉంది. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా, పట్టాదారు మరణిస్తే కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే పథకం. బండి కాలిపోయినా, బండి కింద పడి ఎవరైనా గాయపడినా దానితో సంబంధం లేదు.

తప్పనిసరి ఏది?

ఎదుటివారి నష్టానికి కట్టే బీమా, అంటే జనం థర్డ్ పార్టీ అనేది, ఇష్టముంటే కట్టేది కాదు. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం నలుగురూ తిరిగే చోటికి వచ్చే ప్రతి మోటారు వాహనానికీ అది ఉండాలి. తోట నుంచి ఇంటికి వచ్చే బాట, చెరువు కట్ట, కాలువ గట్టు నలుగురూ తిరిగే చోట్లే. బీమా లేకుండా పట్టుబడితే మొదటిసారి 2 వేల రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. మళ్లీ పట్టుబడితే జరిమానా 4 వేలు.

జరిమానా చిన్న సంగతి. తప్పు ఎవరిదన్న విచారణతో పని లేకుండా ఇవ్వవలసిన పరిహారమే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. తప్పు మనదని రుజువై, పోయిన మనిషి వయసులో ఉండి సంపాదించేవాడైతే ట్రిబ్యునలు వేసే మొత్తం అంతకు ఎన్నో రెట్లు కావచ్చు. బీమా లేకపోతే అది రైతు భూమి మీదకు వస్తుంది. ఈ రకం ప్రీమియంను కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది గనుక అన్ని కంపెనీలకు ఒక్కటే రేటు. ఇందులో బేరానికి తావు లేదు. బండి సొంత నష్టానికి కట్టే భాగంలోనే కంపెనీకి, కంపెనీకి తేడా ఉంటుంది. అక్కడ బేరమాడవచ్చు, బయట మరో రెండు చోట్ల ధర కనుక్కోవచ్చు. షోరూము వారు ఇచ్చిన పాలసీయే తీసుకోవాలన్న నిబంధన లేదు.

ఆ ఆరు వేలకు ఏం వస్తుంది?

పూర్తి బీమా ఉంటే అగ్ని ప్రమాదం, పిడుగు, వరద, దొంగతనం, ఢీకొనడం, బోల్తా పడడం వంటి వాటికి పరిహారం వస్తుంది. చిన్న ట్రాక్టరు విషయంలో బోల్తా సంగతి ప్రత్యేకంగా ఆలోచించాలి. వరుసల మధ్య పట్టడానికి చక్రాల మధ్య వెడల్పు తక్కువగా ఉంచుతారు. ఏటవాలు గట్టు మీద, గండి పక్కన అదే దానికి శత్రువు. బరువు తక్కువ గనుక రాత్రిపూట దొడ్డి నుంచి వ్యానులోకి ఎక్కించుకుపోవడం కూడా పెద్ద బండి కంటే తేలిక. తోటలో రేకుల షెడ్డు కింద వదిలి ఊళ్లో పడుకునే రైతులు దీనిని లెక్కలో వేసుకోవాలి.

రానివి కూడా తెలియాలి. గేరు బాక్సు పాడైనా, క్లచ్చు అరిగినా, ఇంజను ఆయిలు లేక పట్టేసినా బీమా పైసా ఇవ్వదు. అవి అరుగుదల, యంత్ర లోపం కిందికి వస్తాయి. బానెట్టు, మడ్‌గార్డులు, లైట్లు, టైర్లు, రంగు దెబ్బతింటే కూడా, బండి మొత్తంగా పనికిరాకుండా పోతే తప్ప, మామూలు పాలసీలో ఇవ్వరు. వీటికి విడిగా అదనపు ప్రీమియం ఉంది. దానిని ‘ఐఎంటి 23’ అంటారు. ఈ ముక్క పాలసీ మీద ఉందో లేదో అడిగి చూసుకోవాలి. చిన్న బండి పక్కకు ఒరిగితే ముందు పోయేవి ఇవే మరి.

పరిహారంలో తరుగు కోత కూడా ఉంటుంది. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు, బ్యాటరీకి సగం కోస్తారు. ఇనుప భాగాలకు మొదటి ఆరు నెలలు కోత లేదు, రెండో ఏడాదిలో 10 శాతం, అలా పెరుగుతుంది. ఉదాహరణకు రెండో ఏడాదిలో మరమ్మతుకు 40 వేలు అయిందనుకుందాం. ఇనుప భాగాలు 24 వేలు, ప్లాస్టిక్, రబ్బరు 10 వేలు, కూలి 6 వేలు. అదనపు ప్రీమియం కట్టిన వారికి 32 వేల 600 లెక్కకు వస్తుంది. అందులో పాలసీలో రాసిన తప్పనిసరి కోత పోను మిగిలింది చేతికి. ఇక బండి మొత్తం పోతే వచ్చేది కొన్న ధర కాదు. కొత్తలో ధరపై 5 శాతం తగ్గించి 5 లక్షల 51 వేలు, మూడో ఏడాదిలో 30 శాతం తగ్గించి 4 లక్షల 6 వేలు, అయిదో ఏడాదిలో సగం.

కనుక ఈ విలేఖరి అభిప్రాయం ఇది. అప్పు తెచ్చి కొన్నవారు, బండి పోతే మరొకటి కొనలేనివారు మొదటి మూడు, నాలుగేళ్లు పూర్తి బీమా కట్టడమే మేలు. బండి పాతబడి విలువ సగానికి దిగాక మళ్లీ ఆలోచించుకోవచ్చు.

ట్రాలీతోనే చిక్కు

అసలు గండం బండి కంటే ట్రాలీలో ఉంది. ట్రాక్టరుకు బీమా ఉంటే ట్రాలీకి కూడా ఉన్నట్టేనని అనుకుంటారు. అలా కాదు. ట్రాలీకి విడిగా ప్రీమియం కట్టి పాలసీలో రాయించాలి.

2018 ఏప్రిల్‌లో మన జిల్లా వద్దిపట్ల వద్ద కూలీలతో వెళుతున్న ట్రాక్టరు ఎఎంఆర్ కాలువలో పడి తొమ్మిది మంది మహిళలు చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ వద్ద మరో ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తా పడి 15 మంది పోయారు. ఆ తరువాత కూడా పత్తి ఏరే రోజుల్లో పొద్దున్నే ఏ ఊరి బాట మీద నిలబడినా ట్రాలీల నిండా ఆడకూలీలే కనిపిస్తున్నారు. ట్రాలీ సామానుకు గాని మనుషులకు కాదన్నది చట్టం మాట. అందులో ఎక్కిన వారికి ఏమైనా జరిగితే బీమా కంపెనీ తన బాధ్యత కాదని అంటుంది, కోర్టులు అనేకసార్లు ఆ వాదనను ఒప్పుకున్నాయి. 2007లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో ఇటుక బట్టీకి మట్టి తోలుతున్న ట్రాలీ నుంచి కూలీ ఒకరు పడి గాయపడ్డాడు. ట్రాక్టరు వ్యవసాయ పనికే బీమా అయి ఉంది, ట్రాలీకి బీమాయే లేదు. కంపెనీ బాధ్యత లేదని కోర్టు తేల్చింది. కూలీ నిరుపేద అయినందున ముందు కంపెనీయే చెల్లించి, ఆ సొమ్ము యజమాని వద్ద రాబట్టుకోవాలని ఆదేశించింది. అంటే చివరకు ఇల్లు అమ్ముకోవలసింది యజమానే.

ఇసుక, ఇటుక తోలే ఆలోచన ఉన్నా, పక్క రైతుల తోటలు కిరాయికి దున్నే ఆలోచన ఉన్నా సంతకానికి ముందే చెప్పి, పాలసీలో ‘వాడుక పరిమితి’ అన్న చోట ఏమి రాశారో చదివించుకోవాలి.

ఎవరి పేర, ఎవరి చేత?

యజమాని తానే నడుపుతూ ప్రమాదంలో చనిపోతే 15 లక్షలు ఇచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా ఉంది. దీనికి యజమాని పేర లైసెన్సు ఉండాలి. మన ఇళ్లలో బండి తండ్రి పేర, లైసెన్సు కొడుకు పేర. తండ్రికి లైసెన్సు లేదు గనుక ఈ బీమా దక్కదు, కొడుకు యజమాని కాడు గనుక అతనికీ దక్కదు. జీతగాడు నడిపితే అతని కోసం కొద్దిపాటి అదనపు ప్రీమియం కట్టించాలి.

ట్రాక్టరుకు కారు లైసెన్సే చాలు. ఖాళీ బరువు 7,500 కిలోలు మించని ట్రాక్టర్లకు తేలికపాటి వాహన లైసెన్సు సరిపోతుందని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం దానిని ఖాయం చేసింది. అయితే చిన్న బండి కదా అని పదో తరగతి పిల్లవానికి తాళం ఇవ్వడం పెద్ద తప్పు. 18 ఏళ్లు నిండనివాడు రోడ్డు మీద నడుపుతూ దొరికితే తండ్రికి గాని యజమానికి గాని 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు.

గడువు సంగతి కూడా చెప్పాలి. మా మేనమామ ట్రాక్టరు పాలసీ ఒకసారి ఎండాకాలంలో ముగిసింది. దుక్కులు లేవు కదా, వానలు పడ్డాక కడదామన్నాడు. తొలకరి రోజున బండి తీస్తూ పక్కింటి ప్రహరీ గోడ కూల్చాడు. గోడ ఖర్చు, బండి ఖర్చు రెండూ ఆయనవే అయ్యాయి. 90 రోజులు దాటితే అంతవరకు కూడిన బోనసు తగ్గింపు కూడా పోతుంది. ప్రమాదం జరిగితే సర్వేయరు చూడకముందు బండిని మెకానిక్కు విప్పనివ్వరాదు. కంపెనీ అన్యాయంగా కాదంటే 155255 నంబరుకు ఫోను చేయవచ్చు, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా అర్జీ పెట్టుకోవచ్చు.

ఆ రైతు చివరకు పూర్తి బీమాకే ఒప్పుకున్నారు. ఐఎంటి 23, ట్రాలీ కలిపి రాయించుకున్నారు. బండి పెద్ద కొడుకు పేర పెట్టారు. అతనికి మోటారు సైకిలు లైసెన్సే ఉంది. కారు లైసెన్సు వచ్చేవరకు లైసెన్సు ఉన్న బావమరిది నడపాలని తీర్మానించుకున్నారు. ఇంటికి ఫోను చేసి చెప్పగా ఆయన భార్య ఒక్కటే అడిగిందట: “మరి పత్తి ఏరే ఆడోళ్లు ఎట్ల వస్తరు?” దానికి ఆటో మాట్లాడతానని ఆయన బదులిచ్చారు.